నాయన జావా: బాగు చేయించాలా, ఇచ్చేయాలా?

2023 ఉగాదికి మేము ముగ్గురం మైసూరు ఇంట్లో కలిశాము. ఓళిగలు తిని ఆకువక్క వేసుకొని కూర్చున్నాక, మాట మెట్ల కింద ఉన్న బండి మీదికి పోయింది. అది 1972 నాటి జావా. 2019లో నాయన పోయినప్పటి నుంచి దాన్ని ఎవరూ కిక్కు కొట్టలేదు. టైర్లలో గాలి పోయింది, సీటు కింద ఎలుకలు గూడు పెట్టాయి. ఆర్.సి. ఇంకా నాయన పేరు మీదే ఉంది, దాని గడువు జూన్‌తో ముగుస్తుంది.

మాలో చిన్నవాడు కొత్త బండి కోసం అప్పటికే ఒక షోరూముకు పోయి వచ్చాడు. పాతది ఎక్స్ఛేంజికి ఇస్తే ఏడు వేలు తగ్గిస్తామన్నారట. మండి మొహల్లాలో నాయన నమ్మిన ముసలి మెకానిక్కు ఉన్నాడు, మేమంతా భాయ్ అంటాము. ఆయన వచ్చి చూసి, నడిచే స్థితికి తేవాలంటే యాభై అయిదు వేలు అవుతుందన్నాడు. ఏడు వేల బండికి యాభై అయిదు వేల మరమ్మతు! లెక్క చూస్తే మాట్లాడుకోవడానికే ఏమీ లేదు.

కానీ ఈ లెక్క మా ఇంట్లో వేయడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లు వేసింది నాయన. ఒక్కో కాలంలో ఒక్కో జవాబు ఎందుకు వచ్చిందో మాకు ఆ నాలుగు నెలల్లో తెలిసింది. మీ ఇళ్ళలోనూ ఇలాంటి బండి ఒకటి ఉండొచ్చు, అందుకని రాస్తున్నాము.

మైసూరుకు జావా ఎలా వచ్చింది

జావా పుట్టిల్లు చెకోస్లొవేకియా. 1929లో యానెచెక్ అనే ఆయన జర్మనీ వాండరర్ కంపెనీ నుంచి మోటారుసైకిల్ డిజైను హక్కులు కొని తయారీ మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో రాసే ఆ రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే జావా అయింది. మన దేశానికి 1950లలో దిగుమతి బండ్లుగా వచ్చాయి. ప్రభుత్వం దిగుమతులను కట్టడి చేసినాక, అమ్మాలంటే ఇక్కడే తయారు చేయాల్సి వచ్చింది. బొంబాయిలో జావాలు తెప్పించి అమ్ముతున్న రుస్తుం ఇరానీ, ఫారూఖ్ ఇరానీతో కలిసి మైసూరులో ఐడియల్ జావా కంపెనీ పెట్టాడు. మహారాజు జయచామరాజేంద్ర ఒడెయరు అండ దానికి ఉండింది. అప్పటి మైసూరు రాష్ట్ర గవర్నరూ ఆయనే. 1960, 61 నాటికి యాదవగిరి ఫ్యాక్టరీ నుంచి బండ్లు బయటికి రావడం మొదలైంది.

అదే కాలంలో మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో 1956 నుంచి ఎన్‌ఫీల్డు బుల్లెట్ తయారవుతోంది. ఫరీదాబాదు నుంచి పోలండు డిజైనుతో రాజ్‌దూత్ వచ్చింది. తమిళనాడులో ఉండే మనవాళ్ళ ఇళ్ళలో బుల్లెట్ ఎంతో, మా పక్క జావా అంత.

మా తాత మడకశిర తాలూకా పల్లె నుంచి బట్టల మిల్లులో పనికని మైసూరు వచ్చినవాడు. మూడు వైపులా కన్నడ సీమే ఉన్న తాలూకా కాబట్టి ఆయనకు కన్నడం కొత్త కాదు. నాయన పట్టుగూళ్ళ వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాడు. రామనగరం సంతకూ హిందూపురానికీ తిరుగుడు ఎక్కువ. బస్సులకు కాచుకొని కాచుకొని విసిగి 1972లో జావా తీసుకున్నాడు. దాని నంబరు మైసూరు రాష్ట్రం నాటి ఎం.వై. అక్షరాలతో మొదలవుతుంది. మరుసటేడు 1973లో రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మారింది. ఆ ఏడే జావా కూడా యెజ్డీ అయింది.

యెజ్డీ పేరు ఇరాన్‌లోని యజ్ద్ ఊరిది. మన దేశానికి వచ్చి స్థిరపడిన ఇరానీ జరతుష్ట్ర కుటుంబాలు చాలావాటికి మూలం ఆ ఊరే. ఊరు వదిలి వచ్చినవాళ్ళు చేతి పనికి ఊరిపేరు పెట్టుకున్నారు. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు వింతగా అనిపించలేదు. మైసూరు ఇంటి గేటు మీద తాత రాయించింది కూడా మా పల్లె పేరే.

బాగు చేయించడం తప్ప దారి లేని కాలం

మొదటి లెక్క 1978 నాటిది. ఇంజను పట్టేసింది. ఆ రోజుల్లో కొత్త బండి కావాలంటే డబ్బు ఒక్కటే చాలదు, కాచుకునే ఓపిక కూడా కావాలి. ఏ ఫ్యాక్టరీ ఎన్ని తయారు చేయాలో లైసెన్సు నిర్ణయించేది. బజాజ్ స్కూటరుకు పేరు రాయించి ఏళ్ళ తరబడి కాచుకున్న ఇళ్ళు అందరికీ తెలిసినవే. కాబట్టి ఉన్న బండి ఆగితే దాన్ని నడిపించుకోవడమే దారి. మార్చుకోవడం అనే మాటే ఎవరి నోటా వచ్చేది కాదు.

బండి కూడా అందుకు తగ్గదే. జావాది టూ స్ట్రోకు ఇంజను. వాల్వులు లేవు, వాటిని తిప్పే ఏర్పాటూ లేదు. పెట్రోలులో నూనె కొలిచి కలపాలి, ప్లగ్గు తుడవాలి, పాయింట్లు సరి చూడాలి. ఎడమ పక్క ఒకే కడ్డీ ఉంటుంది, పైకి తిప్పితే కిక్కు, కిందికి దించితే గేరు. చేతి క్లచ్చి నొక్కకున్నా ఆ కడ్డీని కదిపితే చాలు, గేరు మారుతుంది. పానా తెలిసిన మనిషి చెట్టు కింద కూర్చొని చాలావరకు సరి చేయగలడు. అలా చెట్టు కింద కూర్చున్న పిల్లవాళ్ళలో ఒకడు భాయ్. నాయనకంటే పదేళ్ళు చిన్న.

సిలిండరు లోపల అరిగితే దాన్ని లేతు మీద కొంచెం వెడల్పు చేసి, ఆ మేరకు పెద్ద పిస్టను వేస్తారు. దాన్నే బోరు కొట్టడం అంటారు. 1978లో నాయన చేయించింది అదే. ఎండాకాలం సెలవులకు ఆ బండి మీదే నాయన, అమ్మ, మధ్యలో అక్క, ట్యాంకు మీద ఒకరు, తుమకూరు, మధుగిరి మీదుగా మడకశిర పోయేవాళ్ళం. చిన్నవాడు అప్పటికి పుట్టలేదు. మధుగిరి దాటినాక ఎక్కడో ఒకచోట ఆగి టీ తాగుతూ నాయన తెలుగులోకి మారిపోయేవాడు. అక్కడి నుంచి కన్నడం మాట్లాడితే ఒప్పుకునేవాడు కాదు.

జపాను బండ్లు వచ్చినాక

1980లలో ప్రభుత్వం విదేశీ భాగస్వామ్యానికి దారి తెరిచింది. 1984లో సుజుకితో కలిసి టీవీయస్ వాళ్ళ నూరు సీసీ బండి, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడు యమహా ఆర్ఎక్స్ 100 వచ్చాయి. సీడీ 100 ఫోర్ స్ట్రోకు, నూనె కలిపే పని లేదు. మా జావా లీటరుకు ముప్పై ఇస్తే అది డెబ్బై దాటేది. పైగా 1991లో పొగ మీద మొదటి నిబంధనలు వచ్చాయి, 1996లో అవి ఇంకా గట్టిపడ్డాయి. టూ స్ట్రోకు బండ్లకు గడ్డు రోజులు మొదలయ్యాయి. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది.

రెండో లెక్క 1991లో వచ్చింది. బండి తెల్లటి పొగ వదులుతోంది, ఎత్తు ఎక్కడం లేదు. నాయన మార్చేద్దామని పోయి, రెండు రోజుల తర్వాత మళ్ళీ బోరు కొట్టించుకొని వచ్చాడు. ఈ కథ మేము పెరిగినంత కాలం విన్నదే. నాయనకు జావా అంటే ప్రాణం, అందుకే ఇవ్వలేకపోయాడని మేమూ పదిమందికి చెప్పాము.

ఈ ఉగాదికి అదే మాట ఎత్తితే అమ్మ నవ్వింది. "ప్రాణమూ లేదు, ఏమీ లేదు. చేతిలో దుడ్డు లేదు. ఆ నెల అక్కకు కాలేజీ ఫీజు కట్టినాము." 

మెట్ల కిందే రేకు పెట్టె ఒకటి ఉంది. తీసి చూస్తే అందులో ప్లగ్గులు, క్లచ్చి ప్లేట్లు, ఆయిలు సీళ్ళు, వాటి కింద నల్లట్ట పుస్తకం. నాయన బండి లెక్కలు. ఆఫీసు లెక్కలు, ఉత్తరాలు, చివరికి పాల లెక్క కూడా నాయన కన్నడంలోనే రాసేవాడు. ఈ పుస్తకం మాత్రం మొదటి పుట నుంచి తెలుగు. అమ్మ చెప్పింది నిజమే. 1991 జూలై పుటలో బోరు ఖర్చు పక్కనే ఫీజు కూడా రాసుకున్నాడు, రెండూ కలిపి కింద గీత కొట్టాడు.

కానీ పెట్టెలోని సామాను ఇంకో మాట చెప్పింది. ఆ సీళ్ళూ ప్లేట్లూ కొన్న తేదీలు 1996, 97. ఫ్యాక్టరీ మూతపడినాక ముందు ముందు దొరుకుతాయో లేదో అని కొని దాచాడు. 1998లో నాయన నూరు సీసీ కొత్త బండి కొన్నాడు, రోజూ దాని మీదే పోయేవాడు. అయినా జావాకు అయిదేళ్ళకొకసారి ఆర్.సి. కొత్తది చేయిస్తూనే ఉన్నాడు. 1991లో డబ్బు లేక ఉంచుకున్నాడు. 1998లో డబ్బు ఉండి కూడా ఉంచుకున్నాడు. ఈ రెంటినీ మేము ఇన్నాళ్ళూ ఒకే కథగా చెప్పుకున్నాము.

మా లెక్క

పక్కింటాయన పదిహేనేళ్ళు దాటిన బండిని ప్రభుత్వమే పట్టుకుపోతుందని భయపెట్టాడు. అది ఢిల్లీ చుట్టుపక్కల ఉన్న కట్టడి, మన దగ్గర లేదు. ఇక్కడ సొంత బండికి పదిహేనేళ్ళ తర్వాత ఇన్‌స్పెక్టరు చూసి సరేనంటే అయిదేళ్ళ చొప్పున పొడిగిస్తారు. దానికి ఫారం 25. యజమాని పోయి ఉంటే వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31. పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి వెయ్యి రూపాయలు. ఇరవై ఏళ్ళు దాటిన మోటారుసైకిళ్ళకు 2025లో దాన్ని రెండు వేలు చేశారు.

ఇంకో దారి కూడా ఉంది. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండిని వింటేజి కింద నమోదు చేయించవచ్చు. ఫీజు ఇరవై వేలు, పదేళ్ళ గడువు. అయితే దాన్ని రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో మాత్రమే తీయాలి. మా బండికి యాభై ఒకటి. ఇలాంటివి కొని దాచుకునే బెంగళూరు మనిషి ఒకరు ఉన్నది ఉన్నట్టే తొంభై వేలు ఇస్తానన్నాడు. షోరూములో ఏడు వేలు పలికిన బండే ఇది. పాత బండి మార్చాలనుకునేవాళ్ళు ఒక్క చోటే ధర అడగొద్దని మా మనవి.

అక్క అమ్మొద్దు, వింటేజి చేయించి హాల్లో పెడదామంది. చిన్నవాడు తొంభై వేలకు ఇచ్చేద్దామన్నాడు. అమ్మ ఇద్దరి మాటా వినింది. "బండిని దేవుని గూట్లో పెడ్తారా? నడిపేవాళ్ళుంటే బాగు చేయించండి. లేదంటే ఇచ్చేయండి, వాళ్ళన్నా నడుపుకుంటారు."

నడిపేవాళ్ళు ఎవరు? మా ఇద్దరికీ నడుము నొప్పి. చిన్నవాడు పూణేలో ఉంటాడు. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, అక్క కొడుకు నేను నడుపుతానన్నాడు. ఇంజనీరింగు రెండో ఏడు, మైసూరులోనే చదువు. అంతవరకూ వాడు ఆ మాటల్లో తల దూర్చలేదు.

పుస్తకం వాడికి ఇచ్చాము. తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. భాయ్‌కి తెలుగు అసలు రాదు. అందుకని ఒక ఆదివారం గ్యారేజిలో మాలో ఒకరు పుట పుటా తెలుగులో చదివితే, వాడు కన్నడంలో భాయ్‌కి చెప్పాడు. "బోరు రెండోసారి, పెద్ద పిస్టను" అన్న చోట భాయ్ ఆపమన్నాడు. ఆ పని తన చేతుల మీద జరిగిందే అయినా ముప్పై ఏళ్ళలో మరిచిపోయాడు. ఇప్పటికే రెండుసార్లు కొట్టిన సిలిండరు ఇది, మూడోసారి కొడితే గోడ పలచబడుతుంది, కొత్త స్లీవు దించాల్సిందే అన్నాడు. ఖర్చు ఇంకో నాలుగు వేలు పెరిగింది. ఆ పుట చదవకుండా ఉంటే మొదట అనుకున్నట్టే బోరు కొట్టి, ఆ డబ్బంతా పోగొట్టుకునేవాళ్ళం. "మాడోణ బిడి" అన్నాడు భాయ్, చేద్దాం లెండి అని.

పని నాలుగు నెలలు పట్టింది. రేకు పెట్టెలోని క్లచ్చి ప్లేట్లు సరిపోయాయి. సీళ్ళు మాత్రం పాతికేళ్ళకు గట్టిపడి పనికిరాలేదు, కొత్తవి కొన్నాము. ఫారాలు జూన్‌లోనే ఇచ్చాము. బండి తయారైనాక ఇన్‌స్పెక్టరు చూశాడు. ఆర్.సి. ఇప్పుడు అమ్మ పేరు మీద ఉంది. వింటేజి వద్దనుకున్నాము కాబట్టి బండి కాలేజీకి పోతుంది, కూరగాయలకు పోతుంది, వానలో తడుస్తుంది. కొత్త బండి డబ్బులో సగం అయిపోయిందని చిన్నవాడు ఇప్పటికీ అంటాడు. వాడి లెక్కా తప్పు కాదు.

మొన్న పెట్రోలు నూనెల లెక్క అడిగితే అక్క కొడుకు నల్లట్ట పుస్తకం తెచ్చి చూపించాడు. నాయన చివరి పుట తర్వాత ఒక పుట వదిలి వాడు రాయడం మొదలుపెట్టాడు. స్లీవు, పిస్టను, సీళ్ళు రెండు, కూలి. మాటలు తెలుగే, లిపి కన్నడం. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకొని చదివింది, ఆమెకు రెండు లిపులూ వచ్చు. ఒక చోట కూడిక తప్పిందని చెప్పి పుస్తకం వాడికి తిరిగి ఇచ్చింది.