కరెంటు పోయాక తెలిసిన బరువు

భద్రాచలం దాటి దుమ్ముగూడెం రోడ్డు పట్టారనుకోండి. ఎడమచేతి వైపు చెట్ల సందుల్లోంచి గోదావరి ఎర్రగా కనిపిస్తూ, మళ్ళీ దాక్కుంటూ వెంట వస్తుంది. కుడిచేతి వైపు వరిమళ్ళు, వాటి వెనక టేకు, తునికి, ఇప్ప కలిసిన అడవి. జూలై చివరి వారం. ముసురు పట్టి మూడు రోజులైంది. నదికి మొదటి ప్రమాద హెచ్చరిక నిన్న పొద్దున్నే ఇచ్చారు, 43 అడుగులు. రోడ్డు దిగి మట్టిబాటలో వంద గజాలు నడిస్తే మా అక్క వాళ్ళ ఇల్లు. చెప్పులు అరుగు కిందే విడిచి లోపలికి రండి.

ముందుగదిలో మంచం తీసేసి రెండు బల్లలు పక్కపక్కన వేశాం. ఒకదాని మీద యమహా పి-45. కొత్తగూడెంలో చర్చిలో వాయించే స్నేహితుడిది. రెండో దాని మీద రోలండ్ ఎఫ్‌పి-10. ఖమ్మం నుంచి ఇంకో స్నేహితుడు వారం రోజులకని ఇచ్చాడు. రెండింటినీ దుప్పట్లలో చుట్టి, పైన టార్పాలిన్ కప్పి ఆటోలో తెచ్చాం. ఇలాంటివి పక్కపక్కన పెట్టి వాయించి చూసుకోమనే కొట్టు ఈ చుట్టుపక్కల నాకు తెలిసి లేదు. గోడవారగా నేల మీద ఉన్నది మా మేనకోడలి పాత కీబోర్డు, 61 మెట్లది. హార్మోనియం పట్టుకుని పెరిగినవాళ్ళం కనుక మేం మెట్లు అంటాం. పిల్ల మాత్రం కీస్ అంటుంది.

ఈ ఏర్పాటంతా ఆ పిల్ల కోసమే. ఈ ఏడాది మొదట్లో హైదరాబాద్‌లో పియానో గ్రేడ్ పరీక్షకు వెళ్ళింది. అక్కడున్నది తీగల పియానో. గట్టిగా వాయించే చోట బాగానే వచ్చిందట. మెల్లగా వాయించాల్సిన చోట వేళ్ళు మెట్లను కిందికి దించాయి గానీ సగం స్వరాలు పలకలేదు. బయటికొచ్చి, "మామయ్యా, నొక్కాను, కానీ రాలేదు" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. తప్పు పిల్లది కాదు. స్ప్రింగు మెట్ల మీద మూడేళ్ళు సాధన చేసిన వేలికి బరువు ఎత్తడం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ తర్వాత మా బావ తొందరపడి ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాడు. '88 కీస్' అని పెద్ద అక్షరాలతో ఉంది. విప్పి చూస్తే అవీ స్ప్రింగులే. వెనక్కి పంపడానికి నెల పట్టింది. అంకె చూసి కొనకండి. 'హ్యామర్ యాక్షన్' అన్న మాట ఉందో లేదో చూడండి. 'సెమీ వెయిటెడ్' అంటే అక్కడా స్ప్రింగే.

ఇటు వచ్చి పాత కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కండి. మొదట తేలిగ్గా దిగి, లోపలికి పోయేకొద్దీ ఎదురు తంతుంది. ఇప్పుడు యమహా మీద నొక్కండి. వ్యవహారం తిరగబడింది కదా! మొదట కాస్త బరువు, కదిలాక దానంతటదే దిగుతుంది. ఏతం గుర్తు తెచ్చుకోండి. ఒక కొస కిందికి తొక్కితే రెండో కొస లేస్తుంది. పియానో మెట్టూ అంతే. వెనక కొసన సుత్తి ఉంటుంది. ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫొరి 1700 ప్రాంతంలో పియానో కట్టిన నాటి నుంచీ వేలు చేసే పని ఆ సుత్తిని విసరడమే. డిజిటల్ పియానోలో సుత్తి తగలడానికి తీగ లేదు. కానీ బరువు ఉంది. ఆ బరువు మీద పడి మెట్టు తిరిగి పైకొస్తుంది.

పిల్ల యమహా మీద ఒక చరణం వాయించింది. తర్వాత రోలండ్ మీద అదే. గది నిండా స్వరం. బావ "ఇదే బాగుంది" అన్నాడు రోలండ్‌ను చూపించి. అక్క "కాదు, మొదటిదే" అంది. ఇద్దరూ చెవితో తీర్పు చెబుతున్నారు. స్పీకర్ల సంగతి కదా, దేనికది బాగానే ఉంటుంది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. పెంకుల మీద వాన చప్పుడు ఒక్కసారిగా దగ్గరికొచ్చింది. అక్క దీపం తెచ్చి కిటికీలో పెట్టింది. "వచ్చిందాకా ఆగుదాం" అన్నాడు బావ. ఆగొద్దన్నాను. కరెంటు లేకపోతే శబ్దం రాదు గానీ మెట్లకు కరెంటుతో పనేముంది? ఇప్పుడు చెవి పక్కకు తప్పుకుంది. వేలు ఒక్కటే మిగిలింది.

మీరూ కూర్చోండి. కళ్ళు మూసుకోండి. కుడిచేతి చూపుడువేలు రోలండ్ మధ్య భాగంలో ఒక తెల్ల మెట్టు మీద పెట్టి, వీలైనంత నెమ్మదిగా దించండి. ఇంకా నెమ్మదిగా. అడుగుకు చేరబోయే ముందు చిన్న పట్టు తగిలి, గడియ జారినట్టు వదిలేసింది, తెలిసిందా? గ్రాండ్ పియానోలో సుత్తి తీగ దాకా వెళ్ళి, దాన్ని తాకకముందే మెట్టు పట్టు వదిలించుకునే క్షణం అది. ఎస్కేప్‌మెంట్ అంటారు. రోలండ్ వాళ్ళు ఆ జారుడును కావాలని పెట్టారు. యమహా మీద అలాగే దించండి. నున్నగా అడుగు దాకా పోతుంది, మధ్యలో ఏమీ తగలదు. పరీక్ష హాల్లో మా పిల్ల వేలు తప్పిపోయిన చోటు ఇదే. పట్టు ఎక్కడ వదులుతుందో వేలికి తెలిస్తే, అక్కడి దాకా ఎంత వేగంతో వెళ్ళాలో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు అదే మెట్టును సగం దాకా మాత్రమే లేపి మళ్ళీ నొక్కండి. మళ్ళీ మళ్ళీ. 1821లో ఎరార్ కనిపెట్టిన ఏర్పాటు వల్ల గ్రాండ్ పియానోలో మెట్టు పూర్తిగా పైకి రాకుండానే అదే స్వరం మళ్ళీ పలుకుతుంది. డిజిటల్‌లో ఆ పని సెన్సర్లు చేస్తాయి. పి-45లో మెట్టుకు రెండు, ఎఫ్‌పి-10లో మూడు. ఆ మూడోది ఉండటం వల్లే, కరెంటు ఉన్నప్పుడు సగం లేచిన మెట్టు కూడా మళ్ళీ పలుకుతుంది.

బావ లేచి వెళ్ళి ఒక డబ్బా తెచ్చాడు. కొట్లవాళ్ళు తీసుకోక మూలుగుతున్న పది రూపాయల బిళ్ళలు. ఒక్కోటి సుమారు 7.7 గ్రాములు. సరైన తీగల పియానోలో మధ్య మెట్టు దిగడానికి దాదాపు 50 గ్రాములు కావాలి. పక్క మెట్లకు తగలకుండా మెట్టు ముందు అంచున ఒక్కో బిళ్ళా నిలువుగా ఆనించి పేర్చాం. నాలుగు, ఐదు, ఆరు. దీపం వెలుతుర్లో అందరి తలలూ ఒకచోటే. ఏడూ ఎనిమిదీ బిళ్ళల దగ్గర రెండు పియానోల మెట్లూ మెల్లగా ఒరిగి దిగాయి. ఎడమ చివరకు పోయేకొద్దీ ఇంకొంచెం బరువు కావలసి వచ్చింది, కుడి చివర తక్కువ. తీగల పియానోలోనూ అంతే. మంద్ర స్వరాల సుత్తులు పెద్దవి.

అవే బిళ్ళలను లోపలికి జరిపి, నల్ల మెట్ల మధ్య సందులో పెట్టాం. మెట్టు కదల్లేదు. ఇది కాటాలాంటిది. ఇరుసుకు దగ్గరగా పెట్టిన బరువు పనిచెయ్యదు. గ్రాండ్ పియానోలో మెట్టు మనకు కనిపించేదానికన్నా చాలా పొడవు, ఇరుసు ఎక్కడో లోపల ఉంటుంది. పెట్టె సన్నగా ఉన్న డిజిటల్ పియానోల్లో ఇరుసు దగ్గరికి వచ్చేస్తుంది. అందుకే నల్ల మెట్లు ఎక్కువగా ఉన్న పాటలు వాయించేటప్పుడు బొటనవేలు లోపలికి పోయి అలసిపోతుంది. కొట్టులో ఎవరైనా ముందు అంచునే నొక్కి చూస్తారు. మీరు లోపల కూడా నొక్కండి. ఈ విషయంలో రెండింటికీ లోటే. మా డబ్బుకు వచ్చే వాటిలో ఆ లోటు లేనిది నాకు దొరకలేదు.

అప్పటిదాకా మూల కుర్చీలో కూర్చున్న తాతగారు లేచి వచ్చారు. పక్కింటాయన, డోర్నకల్ బోర్డింగులో హార్మోనియం నేర్చుకున్న మనిషి. తడి వేళ్ళు పంచెకు తుడుచుకుని రెండింటి మీదా అరచెయ్యి జార్చి చూశారు. "ఇది చెమటకు జారుద్ది. ఇది జారదు" అన్నారు. నిజమే. ఎఫ్‌పి-10 తెల్ల మెట్లకు దంతం లాంటి గరుకు పూత ఉంది. పి-45 తెల్ల మెట్లు నునుపు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ ఎలా ఉంటుందో కొత్తగూడెం, పాల్వంచ వాళ్ళను అడగండి. నేను లెక్కలోకి తీసుకోని సంగతి ఆయన ఒక్కసారి చెయ్యి జార్చి చెప్పారు.

కరెంటు రాత్రి తొమ్మిదికి వచ్చింది. పిల్ల హెడ్‌ఫోన్లు పెట్టుకుని 88 మెట్లూ ఒక్కొక్కటే మెత్తగా నొక్కుతూ పోయింది. వాడిన పియానో కొనేవాళ్ళు ఇది తప్పకుండా చెయ్యాలి. లోపలి రబ్బరు కాంటాక్టుల్లో దుమ్ము చేరితే, మెత్తగా నొక్కినా ఆ ఒక్క మెట్టు గట్టిగా అరుస్తుంది. టచ్ సెట్టింగు మార్చి సరిచేసుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ సెట్టింగు స్వరం వచ్చే తీరును మారుస్తుంది, మెట్టు బరువును మార్చలేదు.

"తీగలదే కొనరాదా?" అని అక్క అడిగింది. ఇంట్లో పెట్టుకునే అప్‌రైట్ అయినా సుమారు 200 కిలోలు ఉంటుంది. 230 దాకా తీగలు. వానాకాలం గోదావరి తేమకు ఫెల్టు ఉబ్బి మెట్లు పట్టేస్తాయి, వేసవికి చెక్క ఎండుతుంది. శ్రుతి చేసేవాడు హైదరాబాద్ నుంచి రావాలి. పైగా ఇది గోదావరి ఒడ్డు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. 53 అడుగులకు మూడో హెచ్చరిక ఇచ్చాక ఈ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా ముందు మనుషులు, తర్వాత గొడ్లు, తర్వాత ధాన్యం. అప్పుడు పియానో మోయడానికి మిగిలేది ఇద్దరి చేతులు. ఎఫ్‌పి-10 బరువు 12.3 కిలోలు.

రోలండే తీసుకున్నాం. ఖమ్మం మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బులో అక్క పక్కన పెట్టించిన మొత్తంతోనే. మడిచే ఎక్స్ స్టాండు వద్దన్నాను, ఊగుతుంది. ఊగే స్టాండు మీద మెట్టు బరువు వేలికి సరిగ్గా తెలియదు. మామూలు బల్ల కూడా వద్దు. దాని మీద 14 సెంటీమీటర్ల పియానో పెడితే మణికట్టు పైకి లేస్తుంది. మా ఊరి వడ్రంగి చేత మెట్ల పైభాగం నేల నుంచి 73 సెంటీమీటర్లు ఉండేలా టేకు బల్ల చేయించాం. కిటికీకి దూరంగా వేశాం. దుమ్ము చేరకుండా రాత్రిపూట మందపాటి గుడ్డ కప్పుతున్నాం.

మొన్న ఆదివారం వెళ్ళాను. పిల్ల పరీక్షలో పోగొట్టుకున్న పేజీ తీసి వాయించింది. మెత్తగా ఉండాల్సిన చోట ప్రతి స్వరమూ పలికింది. పక్కింటి అరుగు మీది నుంచి తాతగారు "ఆఁ" అన్నారు.

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు పిల్లలకు పియానో కొనాలనుకుంటున్నవాళ్ళు కొనే ముందు మా అక్క వాళ్ళింటికి వచ్చి నొక్కి చూసుకోండి. బిళ్ళల డబ్బా బల్ల మీదే ఉంటుంది.