ఓడ కాగితంలో ముత్తాత

‘ఏడు తరాలు’ చదవని తెలుగు పాఠకులు తక్కువ. అలెక్స్ హేలీ 1976లో ‘రూట్స్’ పేరుతో రాసిన ఆ పుస్తకాన్ని సహవాసిగారు తెలుగులో మన చేతికి అందించాక, కుంటా కింటే మన పక్కింటి కుర్రాడైపోయాడు. అమెరికాలో ఆ మరుసటి ఏడే, 1977లో, కథ టెలివిజన్లో వచ్చింది. అదే తడవుగా అక్కడి జనం లైబ్రరీల మీదా రికార్డాఫీసుల మీదా పడ్డారు, మా తాతెవరో చెప్పండంటూ. హేలీ చెప్పిన వంశవృక్షంలో నిజమెంత అని తరవాత చరిత్రకారులు తగవులాడుకున్నారు. అది వేరే సంగతి. పిచ్చి మాత్రం పట్టుకుంది, వదల్లేదు.

ఆ పిచ్చికి ఇప్పుడు బళ్లు కూడా వెలిశాయి. పైసా ఫీజు లేని బళ్లు. స్కాట్లండులో గ్లాస్గో నగరంలోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం వంశచరిత్ర మీద ఆరు వారాల పాఠాన్ని 2016లో అంతర్జాలంలో వుచితంగా పెట్టింది. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో మోర్మన్ చర్చివాళ్ల సంస్థ ‘ఫ్యామిలీసెర్చ్’ ఇలాంటి పాఠాలు బోలెడు చెబుతుంది. చనిపోయిన పూర్వీకులకి కూడా తమ మతకర్మ జరిపించాలన్నది వాళ్ల నమ్మకం. అందుకని 1938 నించి దేశదేశాల రిజిస్టర్లు మైక్రోఫిల్ము తీసి పోగుచేశారు. మన హరిద్వారం పండాల దగ్గరున్న యాత్రికుల వహీలు కూడా ఆ ఫిల్ముల్లోకి ఎక్కాయంటే చూడండి.

ఈ పాఠాలన్నిట్లో మొదటి సూత్రం ఒకటే. నీతో మొదలుపెట్టి వెనక్కి నడువు. అడుగడుక్కీ, ఈ సంగతి నీకెలా తెలిసిందో పక్కన రాసుకో. వినడానికి వోస్, ఇంతేనా అనిపిస్తుంది గాని మన సంప్రదాయం దీనికి సరిగ్గా తలకిందులు. మనవాళ్లు సూర్యుడితోనో చంద్రుడితోనో మొదలుపెట్టి ముందుకి నడుస్తారు. మధ్యలో వెయ్యేళ్లు చప్పరించి మింగేసి, హఠాత్తుగా తాతగారి పెరట్లో తేలతారు. పైనున్న చంద్రుడూ తెలుసు, కిందనున్న తాతా తెలుసు. మధ్యలో వున్నవాళ్ల సంగతే ఎవరికీ తెలీదు.

తద్దినం పెట్టే ఇళ్లలో కంఠతా వచ్చేది మూడు తరాలు: తండ్రి, తాత, ముత్తాత. ఆ పైన చీకటి. రెడ్ల ఇళ్లకి ఏటా వచ్చి గోత్రాలూ ఇంటిపేర్లూ వల్లించే వంశరాజ్‌లు ఒకప్పుడు ఆ చీకట్లో దీపం పట్టేవారు. వాళ్లని పిచ్చిగుంట్ల అని పిలిచి, వాళ్ల విద్యనీ వాళ్లనీ కూడా చిన్నచూపు చూశాం. ఇక వూరి కరణం వుండేవాడు, ఎవరి పొలం ఎవరికెలా వచ్చిందో నాలుగు తరాలు నోటికి చెప్పేవాడు. 1984 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఆ వుద్యోగాలే ఎత్తేసింది. కారణాలు మంచివే కావచ్చు. కాని ఆయనతోపాటు ఆయన బుర్రలో వున్న లైబ్రరీ కూడా పోయింది కదా!

ఈ పాఠాలకి అసలైన పరీక్ష మన గడ్డ మీద కాదు, సముద్రం అవతల జరుగుతోంది. దక్షిణాఫ్రికాలో దర్బను దగ్గర ఒక నాయుడు (అక్కడి వరసలో ‘నాయిడూ’) తన ముత్తాత వూరేదో వెతుక్కుంటున్నాడనుకోండి. ఇలాంటివాళ్లు అక్కడ వేలల్లో వున్నారు. ‘ట్రూరో’ అనే ఓడ 1860 అక్టోబరు 12న మద్రాసులో బయల్దేరి నవంబరు 16న దర్బను చేరింది, 342 మందితో. అది మొదలు 1911 వరకు, చెరుకుతోటల్లో పనికని మన దేశం నించి నేటాలుకి వెళ్లిన కూలీలు 1,52,184 మంది. అందులో మూడింట రెండువంతుల మంది మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లే. అంటే అరవవాళ్లూ, మనవాళ్లూ. విశాఖపట్నం జిల్లా నించీ ఉత్తర ఆర్కాటు నించీ జనం బాగా వెళ్లారు. కరువు తరిమితే కొందరు, అప్పు తరిమితే కొందరు, మేస్త్రీ మాట నమ్మి కొందరు. నూరుమంది మగవాళ్లకి నలభైమంది ఆడవాళ్లు వుండాలని నిబంధన కూడా వుండేది. దాంతో ఒంటరి ఆడవాళ్లూ ఎక్కారు. వాళ్లు ఇంట్లో ఎవరితో ఏం చెప్పి వచ్చారో ఏ కాగితమూ చెప్పదు.

కాని మిగతావి చాలా చెబుతుంది. ఓడెక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, వూరు. ఆ పైన ఎత్తు, వంటిమీద గుర్తులు. ఎడమ చెవి కింద మచ్చ, కుడి మోకాలి మీద కాలిన గుర్తు, ఇలా. ఈ పట్టీలన్నీ ఇప్పుడు దర్బను విశ్వవిద్యాలయంవాళ్ల పుణ్యమా అని కంప్యూటర్లోకి ఎక్కాయి. మారిషస్‌లో ఇంకో అడుగు ముందుకేసి 1860 ప్రాంతాల తరవాత కూలీల ఫోటోలు కూడా తీశారు. మోకాలో వున్న మహాత్మాగాంధీ సంస్థలో ఆ రికార్డులు భద్రంగా వున్నాయి. ముత్తాత మొహం చూడాలంటే అక్కడికి వెళ్లి అడగొచ్చు.

ఇదంతా ప్రేమకొద్దీ చేసిన పని కాదని వేరే చెప్పాలా? పారిపోతే పట్టుకోడానికి! సంతలో ఎడ్లకి సుళ్లు చూసినట్టు మనుషులకి మచ్చలు చూసి రాసుకున్నారు.

దీని పక్కన ఇంకో కాగితం పెట్టి చూడండి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1858లో, మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషను వేసింది. వూరూరా తిరిగి, ఈ మాన్యం ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు అని రిజిస్టర్లకెక్కించారు. ఆ ఇనాం రిజిస్టర్లు ఇప్పటికీ కోర్టు తగాదాల్లో పనికొస్తున్నాయి. ఒకే వూళ్లో మాన్యం వున్న ఆసామి ముత్తాత ఈ రిజిస్టరులో దొరుకుతాడు. భూమి లేని పాలేరు ముత్తాత అందులో వుండడు. అతను దొరికితే గిదితే ఓడ పట్టీలోనే దొరకాలి. పాలేరు అన్నదమ్ముల్లో ఒకడు ఓడెక్కి, రెండోవాడు వూళ్లోనే వుండిపోయాడనుకోండి. వెళ్లినవాడి మనవలకి ఆయన ఎత్తెంతో కూడా ఇవాళ తెలుసు. వుండిపోయినవాడి మనవలకి ఆయన పేరే తెలీదు. నాకు ఈ సంగతి తట్టినప్పటి నించి, వంశచరిత్ర అంటే గొప్పింటివాళ్ల కాలక్షేపం అన్న మాట నోటికి రావడం మానేసింది.

పట్టీ దొరికింది కదా, ఇక వూరు దొరికినట్టే అనుకోకండి. అసలు గొడవ అక్కడే మొదలవుతుంది. మనవాడు తన యాసలో వూరి పేరు చెప్పాడు. అరవ గుమాస్తా తనకి వినబడినట్టు విన్నాడు. దొర తన స్పెల్లింగులో రాశాడు. నేటాలులో ఇంకో గుమాస్తా దానికి నకలు తీశాడు. ఇన్ని చేతులు మారాక ‘గంజాం జిల్లా’ అని వుంటే ముత్తాత ఒడిశావాడని ఆ పిల్లలు అనుకుంటున్నారు. కాని శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ ఆ రోజుల్లో గంజాం జిల్లాలోవే. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు విశాఖ జిల్లాలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం వేరే జిల్లా అయింది. ‘ఉత్తర ఆర్కాటు’ అనుంటే తమిళుడనే అనుకుంటారు. చిత్తూరు అందులోదేనని వాళ్లకెవరు చెప్పాలి? చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, సరిగ్గా నేటాలుకి కూలీల ఓడలు ఆగిపోయిన ఏడాది! పైగా 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు ఒక్కసారిగా 13 నించి 26 అయ్యాయి. వెతికేవాడికి ఇంకో చిక్కుముడి.

ఇంటిపేరు సాయం చేస్తుందా అంటే, ఓడ ఫారంలో ఇంటిపేరుకంటూ గడి లేదు. గడి లేని పేరు ఎవరు మోస్తారు? రెండు తరాలు తిరిగేసరికి కులం పేరో తండ్రి పేరో ఇంటిపేరై కూర్చుంది. అందుకే అక్కడ అంతమంది నాయిడూలు.

ఇక్కడే ఆ వుచిత పాఠాల్లోని రెండో సూత్రం పనికొస్తుంది. మనిషి దొరక్కపోతే, పక్కనున్నవాళ్లని వెతుకు. ఓడలో ముందు నంబరువాడూ వెనక నంబరువాడూ ఎవరు? ఒకే వూరినించి నలుగురు కలిసి ఎక్కివుంటారు. ఒకడి వూరి పేరు పాడుచేసి రాసినా ఇంకొకడిది సరిగ్గా రాసివుండొచ్చు. మన పెళ్లిళ్ల పేరయ్యలకి ఈ సూత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. వరుడి సంగతి తెలుసుకోవాలంటే వాళ్లు వరుణ్ణి అడగరు, ఎదురింటివాణ్ణి అడుగుతారు.

సరే, కాగితం చేతులెత్తేసినప్పుడు డి.ఎన్.ఏ. వుందిగా అంటారు. చిన్న గొట్టంలో వుమ్మి పోసి పంపిస్తే, నీకూ ఫలానా మనిషికీ రక్తంలో ఇంత భాగం కలిసిందని లెక్క వస్తుంది. లెక్కకి కొలత సెంటీమోర్గాన్. తల్లికీ బిడ్డకీ ఇంచుమించు 3,400 పైన, ఒక తాత మనవలకి 850 ప్రాంతంలో కలుస్తాయి. ఆ లెక్క చూసి చుట్టరికం అంచనా కడతారు.

అయితే ఈ అంచనాలు కట్టింది ఎక్కువగా తెల్లవాళ్ల కుటుంబాలని చూసి. మన మేనరికం వాళ్లకేం తెలుసు? మేనమామ మేనకోడల్ని చేసుకుంటే పుట్టిన బిడ్డకి ఒకే ముసలాయన నాన్న వైపు నించి తాత, అమ్మ వైపు నించి ముత్తాత. మేనత్త కొడుకూ మేనమామ కూతురూ పెళ్లాడితే పిల్లలకి వుండాల్సిన ఎనిమిదిమంది ముత్తాత ముత్తవ్వల్లో ఆరుగురే తేలతారు. తరతరాలుగా ఇదే తంతు. అంచేత ఆరు తరాల అవతలి చుట్టం కూడా కంప్యూటరుకి మూడో తరం బంధువులా కనిపిస్తాడు. దర్బను నాయుడికి వందలకొద్దీ దగ్గరి చుట్టాలు తేలి, ఒక్కడూ నిజంగా దగ్గరవాడు కాకపోవడం ఇందువల్లే. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు అమెరికావాళ్లతో కలిసి 2009లో అచ్చువేసిన పరిశోధనలో, మన వైశ్యుల వంటి కులాలు రెండువేల ఏళ్లకి పైగా తమలో తాము మాత్రమే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చినట్టు తేలింది. మన ఇళ్లలో పెళ్లిసంబంధాల పట్టుదల ఎంతో సూక్ష్మదర్శిని కిందా అంతే కనబడింది.

ఇంకో చిక్కు వుంది. పరీక్ష చేయించుకున్నవాడే లెక్కలోకి వస్తాడు. దర్బనులో వుమ్మి పోసినవాడికి ఫిజీలోనో మారిషస్‌లోనో అమెరికాలోనో చుట్టాలు దొరుకుతారు. టెక్కలి పక్క పల్లెలో వుండిపోయిన తమ్ముడి సంతానం మాత్రం దొరకరు, వాళ్లకి ఆ గొట్టం సంగతే తెలీదు గనక. ప్రపంచ జనుల జన్యువులు చదివి 2015లో ముగించిన ‘వెయ్యి జీనోముల’ పథకంలో 26 జనసమూహాలుంటే, అందులో తెలుగువాళ్లదీ ఒకటి. సంతోషమే. కాని ఆ తెలుగువాళ్ల అడ్రసు బ్రిటను!

మన పల్లెల్లో కూడా గొట్టాలు పంచిపెట్టమని నేననను. వుమ్మి ఒకరిదే గాని అందులో రాసున్నది అన్నదమ్ములందరిదీ. ఎవరో దూరపు బంధువులు సరదాకి చేయించుకున్న పరీక్షల ఆధారంగా కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి దొరకని హంతకుణ్ణి 2018లో పోలీసులు పట్టుకున్నారు. అది మంచికే జరిగింది. ‘ట్వంటీత్రీ అండ్ మీ’ అనే పెద్ద కంపెనీలో మాత్రం 2023లో దొంగలు పడి దాదాపు 69 లక్షలమంది వివరాలు దోచారు, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషను పెట్టింది. అందుకే ఈ విద్య నేర్పే మంచి పాఠాల్లో పరీక్షకి ముందే ఒక ప్రశ్న వేస్తారు: తెలియకూడనిది తెలిస్తే ఏం చేస్తావు? ఎవరి నాన్న ఎవరో అన్న మాట ఇంటింటా వొకేలా దిగదు మరి.

అన్నట్టు డి.ఎన్.ఏ.లో నాకు బాగా నచ్చింది ఇంకోటి. తండ్రి నించి కొడుక్కి మాత్రమే దిగే భాగం ఒకటుంది, అచ్చం ఇంటిపేరులాగే. తల్లి నించి బిడ్డలందరికీ వచ్చినా, ముందుకి తీసుకుపోయేది కూతుళ్లే అయిన భాగం ఇంకొకటుంది. అమ్మ, అమ్మమ్మ, ఆవిడ అమ్మ, అలా వెనక్కి. మన వంశవృక్షాల్లో కొమ్మకొమ్మకీ మగవాళ్లే. ఆడపిల్ల పక్కన మహా అయితే ‘అత్తవారి వూరు ఫలానా’ అని వుంటుంది. ఓడ పట్టీలో మాత్రం ఆమెకి వేరే నంబరు, తన పేరు, తన తండ్రి పేరు.

మీరు ఆరు వారాల పాఠంలో చేరినా చేరకపోయినా, మొదటి వారం ఇచ్చే పని మాత్రం ఈ ఆదివారం చేసి చూడవచ్చు. ఇంట్లో అందరికన్నా పెద్దావిణ్ణి కూచోబెట్టి, వాళ్లమ్మమ్మ పేరడగండి. పుట్టిన సంవత్సరాలు అడిగితే చెప్పలేరు. ఉప్పెన ముందా, తరవాతా అని అడగండి. బందరు ఉప్పెన 1864లోది, దివిసీమది 1977లోది. ఏ ఉప్పెనో మాత్రం మరిచిపోకుండా రాసుకోండి, ఎవరు చెప్పారో కూడా.