గంజాము సీమలో తెలుగు నవల – తెలుగు విద్యార్థి

ఉత్తరమున ఋషికుల్యానది, దక్షిణమున మహేంద్రగిరి. ఈ రెంటి నడుమనున్న సీమలో ఆంధ్రులును ఉత్కళులును తరతరములుగా ఒకే వీథిలో కాపురముండి, ఒకరి పండుగ నొకరు జరుపుకొనుచు వచ్చిరి. బరంపురమున రెండేండ్ల కొకమారు జరుగు ఠాకురాణీ యాత్రలో అమ్మవారు దేవాంగులగు దేశిబెహరా వారి యింటికి ఆడపడుచుగా వచ్చుట ఈ కూడికకు చక్కని సాక్ష్యము. ఇట్టి సీమ చరిత్రను వ్రాయువారు సామాన్యముగా రాజులను, జమీందారులను, రాష్ట్ర విభజనమును గూర్చి వ్రాయుదురు. నేను చెప్పదలచినది అంతకంటె చిన్న విషయము. నవల యను పుస్తకము ఈ సీమ విద్యార్థి చేతికి ఎట్లు వచ్చినది? అతడు దానితో నేమి చేసెను? ఇకముందు ఏమి చేయవలెను? విషయము చిన్నదే గాని, మన భాష యిచ్చట నిలుచుటయు నిలువకపోవుటయు చాల వరకు దీనిపైననే ఆధారపడియున్నవని నా నమ్మకము.

తెలుగు నవల పుట్టుకను గూర్చి మాట్లాడునపుడు 1872లో వెలువడిన నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారి శ్రీరంగరాజ చరిత్రమును ముందు తలంచుట న్యాయము. కాని జనులలో పాతుకొన్న తొలి నవల కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము. అది 1878లో వివేకవర్ధని పత్రికలో ప్రకటింపబడ నారంభించి, 1880లో పుస్తకమయ్యెను. దాని పుట్టుకలో మనకు పనికివచ్చు పాఠ మొకటి గలదు. పంతులుగారు గోల్డ్‌స్మిత్ అను ఆంగ్ల రచయిత వ్రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ అను నవలను చదివిరి. చదివి ఊరకుండలేదు; దానిని ఉన్నదున్నట్లు తెనిగింపనూ లేదు. ఆ కథనుండి స్ఫూర్తిని మాత్రము గైకొని, ధవళేశ్వరమున గోదావరి యొడ్డున మన యింటి మనుష్యులను నిలిపి, మన దురాచారములను మన కన్నులకు చూపిరి. అనగా తెలుగువారు మెచ్చిన తొలి నవలయే ఒక పాఠకుడు తాను చదివిన నవలకు సమాధానముగా చేసిన స్వంత రచన. నవల చదివి మూసివేయక, దానిని పట్టుకొని తనదైన పని యొకటి చేయుట మనకు క్రొత్తవిద్య కాదు; మన నవలకు పురిటిగది యదియే.

రాజశేఖర చరిత్రము పత్రికలో వెలువడసాగిన 1878వ సంవత్సరమే బరంపురమునకును విద్యావిషయమున ముఖ్యమైనది. 1856లో నెలకొన్న పాఠశాల ఆ యేట కళాశాలగా పెరిగినది. 1893లో ఖల్లికోట రాజావారి దానమువలన అది వారి పేర ప్రసిద్ధమైనది. గంజాము జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. ఉద్యోగులు, వకీళ్లు, ఉపాధ్యాయులు, పట్టు నేయు దేవాంగులు – వీరిలో చాలమంది యిండ్లలో తెలుగే మాట్లాడుచుండిరి. పిదప భారత రాష్ట్రపతియైన వరాహగిరి వేంకటగిరిగారు 1894లో జన్మించినది ఈ పట్టణమందే. 1890 దశకమున తూర్పుతీరపు రైలుమార్గము పడగా, బరంపురము మద్రాసు కలకత్తాల నడుమ మజిలీయై, ఇటు తెలుగు పత్రికలకును అటు వంగదేశపు కథలకును సమాన దూరమున నిలిచినది.

అయినను కళాశాలలో విద్యార్థి చదివిన తెలుగు వేరు, ఇంట చదువ గోరిన తెలుగు వేరు. తరగతిలో ప్రబంధము, వ్యాకరణము. దిండు క్రింద నవల. పరీక్షకు పనికిరాని పుస్తకము గనుక పెద్దలకు దానిపై అనుమానము. ఈ రెంటికిని నడుమనున్న గోడను కదల్చిన మహనీయుడు గంజాము సీమవాడే యగుట మనకు గర్వకారణము. 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరి, 1911 వరకు అచ్చటనే విద్య గరపిరి. నేడు గజపతి జిల్లాకు ముఖ్యపట్టణమైన పర్లాకిమిడి 1992 వరకు గంజాము జిల్లాలోనిదే. ఆయన ముఖలింగ శాసనముల లిపిని తనంతట తాను నేర్చినవాడు. కొండలలోని సవరల భాషను వారినోటనే విని నేర్చి, వారికి బడులు పెట్టించి, పుస్తకములు వ్రాసినవాడు. చదువు బిడ్డ నోటనున్న భాషలో మొదలు కావలెనని సవర పిల్లలయెడ గ్రహించిన సత్యమునే ఆయన తెలుగు పిల్లలకును వర్తింపజేసెను.

1907 ప్రాంతమున జె. ఏ. యేట్స్ అను విద్యాధికారి, జనులు మాట్లాడు తెలుగునకును బడిలో నేర్పు తెలుగునకును ఇంత యెడమేల యని ప్రశ్నించెను. ఆ ప్రశ్న గిడుగువారి చేతిలో ఉద్యమమైనది. మద్రాసు విశ్వవిద్యాలయము ఇంటర్మీడియేట్ విద్యార్థులకు మాతృభాషలో వ్యాసరచనను విధించినపుడు, ఆ వ్యాసము ఏ తెలుగులో వ్రాయవలెనను వివాదము చెలరేగెను. 1914లో గురజాడ అప్పారావుగారు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన అసమ్మతి పత్రము ఆ వివాదమున పుట్టినదే. దీనిని మనము పండితుల కలహముగా మాత్రమే తలచుట పొరపాటు. దాని నడుమ కూర్చున్నవాడు విద్యార్థి. తాను చదివిన కథను గూర్చి తన మనసులోని మాటను తన మాటలలో చెప్పుటకు అతనికి అధికారము గలదా లేదా యన్నదే అసలు ప్రశ్న. నాడు విశ్వవిద్యాలయము లేదనియే చెప్పినది. కాని 1919లో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినపుడు, గ్రాంథికమున రాజశేఖర చరిత్రము వ్రాసిన వీరేశలింగము పంతులుగారే దానికి అధ్యక్షులైరి.

గిడుగువారి శిష్యులలో నొకడు బరంపురమున ఈ విషయమును మరియొక మెట్టు ఎక్కించెను. ఆయన తాపీ ధర్మారావుగారు. 1887లో బరంపురముననే జన్మించి, పర్లాకిమిడిలో గిడుగువారియొద్ద చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో విద్య ముగించి, ఖల్లికోట రాజావారి కళాశాలలో గణితము బోధించుటకు వచ్చిరి. ఇరువది నాలుగేండ్ల ప్రాయమున, 1911లో తొలి రచన ప్రకటించిరి. మిత్రులతో గూడి బరంపురమున వేగుజుక్క గ్రంథమాలను నెలకొల్పిరి. దేవరాజు వేంకటకృష్ణారావుగారి వాడే వీడు అను అపరాధ పరిశోధక నవల ఈ మాలలోనిదే. రాజమహేంద్రవరమున చింతామణి పత్రిక నవలల పోటీలు పెట్టి బహుమతు లిచ్చినది. 1906లో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి గ్రంథమాలను నడపినది. తెలుగు దేశపు ఉత్తరపు కొసన నున్న బరంపురమునందు మాత్రము, లెక్కలు చెప్పు యువకుడును అతని మిత్రులును ఎవరి ఆజ్ఞయు లేకయే ఈ పనికి పూనుకొనిరి. పాఠ్యప్రణాళిక వారిని కోరలేదు. పరీక్షాధికారి వారికి మార్కులు వేయలేదు. నిన్న చదువరులుగా నున్నవారు నేడు ప్రకాశకులైరి.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడెను. బరంపురమును పర్లాకిమిడియు అందు చేరెను. ఆ విభజనము గిడుగువారి మనసును నొప్పింపగా, ఆయన తన జీవితమంతయు గడపిన పర్లాకిమిడిని విడిచి రాజమహేంద్రవరము చేరి, 1940లో స్వర్గస్థులైరి. ఆ గాయమును మరల రేపుట నా యుద్దేశము కాదు. ఒడియా మన యిరుగుపొరుగు భాష; మన పిల్లల కది అన్నము పెట్టు భాష. కాని ఫలిత మొకటి ఒప్పుకొనక తప్పదు. ఇంట తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా ఆంగ్లములు చదువు బాలునికి తెలుగు చెవిలో నున్నది, కంటిలో లేదు. తాతగారి బీరువాలోని నవల వానికి బొమ్మలు లేని కాగితముల కట్టగా కనబడుచున్నది. బడి యీయని దానిని ఇల్లును సమాజమును ఈయవలెను. ఆంధ్ర భాషాభివర్ధనీ సమాజము వంటి సంస్థలు బరంపురమున నిలుపుకొన్న దీపమునకు చమురు పోయుట మన విధి.

అది యెట్లు? పిల్లవానికి నవల యిచ్చి, చదివితివా యని అడిగి, సారాంశము వ్రాయుమనుట పరీక్షయే యగును. వేగుజుక్క యువకులవలె వానికి ఒక పని నీయవలెను. రాజశేఖర చరిత్రము చదివినవాడు పటము నొకటి గీయవచ్చును. ధవళేశ్వరమున సిరిసంపదలు పోగొట్టుకొని కాశికి బయలుదేరిన రాజశేఖరుని త్రోవను, అతనిని ఆదుకొన్న పెద్దాపురపు ప్రభువు పట్టణమును అందు గుర్తించి, అదే కాగితముపై తన తాతముత్తాతలు ఏ యూరినుండి గంజామునకు వచ్చిరో ఆ త్రోవనుకూడ గీయవలెను. పటము ముగియులోపల వాడు నవలతోపాటు నాయనమ్మనుకూడ చదివియుండును. అపరాధ పరిశోధక నవలను చివరి ప్రకరణమునకు ముందు మూయించి, ముగింపును వానినే వ్రాయుమనవలెను. పిదప అసలు ముగింపు చదువుటకు వానిని బలవంతపెట్ట నక్కరలేదు. కథలోని పాత్ర తరఫున జాబు వ్రాయించవలెను. ఆ జాబు గంజాము తెలుగులో, ఇంటి పలుకుబడిలో నుండనిండు. పెద్దల రచనలు చదివి అలవడిన గ్రాంథికచ్ఛాయలో నేను వ్రాయుచున్నను, పిల్లవానిచేత అట్లు వ్రాయించవలెనని నా యభిప్రాయము కాదు. గిడుగువారి సీమలో ఆ తప్పు మరల చేయరాదు.

ఇంకొక పని ఈ సీమకే తగినది. ఫకీర్‌మోహన్ సేనాపతి ఛ మాణ ఆఠ గుంఠ అను ఒడియా నవల 1897 మొదలు పత్రికలో వెలువడి, 1902లో పుస్తకమయ్యెను. అందు భగియా, సారియా యను నేతపని దంపతుల చిన్న చెక్క భూమిని రామచంద్ర మంగరాజను జమీందారు కాజేయును. బరంపురపు మగ్గపు చప్పుడులో పెరిగిన తెలుగు బిడ్డకు ఈ కథ పరాయిది కాదు. వాడు దానిని ఒడియాలో చదివి, ఒక ప్రకరణమును తెలుగున చెప్పి, అమ్మకు వినిపింపవలెను. అట్లే చిలకమర్తి వారి గణపతిని తెలుగున చదివి, తోడి ఒడియా బాలునికి ఒడియాలో చెప్పి నవ్వింపవలెను. గోదావరి యొడ్డు బాలునకు దొరకని భాగ్యమిది. రెండు భాషల నడుమ పుట్టుట కొరత యని మన పిల్లలు తలచుచున్నారు. అది కలిమి యని ఈ పని వారికి తెలుపును.

ఇందుకు కావలసిన సొమ్ము స్వల్పము. కొన్ని నవలలు, చేతివ్రాత పత్రిక యొకటి, నెలకొక సాయంకాలము, ఓపికతో వినగల పెద్దలు. ఉగాదినాడు బహుమానము పద్యము కంఠస్థము చేసిన బాలునితోపాటు, నవల చదివి తన చేతితో నేదో యొకటి చేసి తెచ్చిన బాలునికిని ఈయుదము. వాని తెలుగున తప్పులుండును. ఉండనిండు. తప్పులతో వ్రాసిన పుట దిద్దుకొనవచ్చును. వ్రాయని పుటను ఎవరును దిద్దలేరు. నాడు లెక్కల ఉపాధ్యాయుడు మిత్రులతో గూడి పేరు పెట్టిన వేగుజుక్క, తెల్లవారుటకు ముందు పొడుచు నక్షత్రము. అది మరల ఈ యూరి పిల్లల చేతులలో పొడుచుగాక!