నీటితిత్తి కథ: ఒక దీవి, ఒక చిన్న పుస్తకం, కొంత పోకచెక్క

కుక్కకు మన భాషలో ఉన్న పేర్లలో నాకు మిక్కిలి ఇష్టమైనది గ్రామసింహం. ఊరిని కాచే ఈ సింహం, తనకు ఏ బాధా లేకుండానే, యజమాని ఇంటికి ఒక ప్రాణాంతకమైన రోగాన్ని మోసుకొని రాగలదు. ఆ రోగాన్ని ఒక దేశం ఎలా కనిపెట్టింది, ఎలా వదిలించుకున్నది అనే చరిత్రను చదువరుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. బడిపంతులుగా బ్రతికినవాడిని కనుక ఇందులో అక్షరానికి దక్కిన పాత్ర నన్ను ప్రత్యేకంగా ఆకర్షించింది.

ముందుగా రోగస్వరూపం. ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్ అనే బద్దెపురుగు కుక్క చిన్నప్రేగులో నివసిస్తుంది. బద్దెపురుగు అనగానే మూరల కొద్దీ పొడవు ఊహించుకుంటాము. కాని ఇది బియ్యపుగింజంత కూడా ఉండదు. పొడవు కొద్ది మిల్లీమీటర్లే. దీని గుడ్లు కుక్క మలంతో గడ్డిమీద, నీటిలో పడి గొర్రె కడుపులోకి చేరుతాయి. అక్కడ కాలేయంలోనో, ఊపిరితిత్తులలోనో నీటితో నిండిన తిత్తులుగా పెరుగుతాయి. గొర్రెను కోసినవారు ఆ తిత్తిని కుక్కకు విసిరివేస్తే చక్రం పూర్తవుతుంది. కుక్కను నిమిరిన చేతితోనో, అది నాకిన పాత్రతోనో గుడ్లు మనిషి నోటికి చేరితే, గొర్రెకు పట్టిన గతే మనిషికీ పడుతుంది. తిత్తి ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా పెరిగి, ఒకనాడు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

పందొమ్మిదవ శతాబ్దంలో ఈ రోగం ఐస్‌లాండ్ దీవిని పీడించినంతగా మరే దేశాన్నీ పీడించలేదేమో! అక్కడ గొర్రెలే జీవనాధారం. వాటిని ఇంటి ముంగిటనే కోసేవారు. కుక్క ఆ ఇంటిలోనే మనుషులతో కలిసి మెలగేది. 1847-48లో ఆ దీవిని పరిశీలించిన డెన్మార్కు వైద్యుడు ష్లైస్నర్, అక్కడి ప్రజలకు తరచుగా వచ్చే జబ్బులలో దీనిని లెక్కించాడు. అయితే మూలం ఎక్కడ? 1850ల ఆరంభంలో జర్మనీలో ఫాన్ సీబోల్డ్ పశువుల తిత్తులను కుక్కలకు తినిపించి, వాటి ప్రేగులలో పురుగులు పుట్టడం చూపాడు. మనిషి తిత్తి, గొర్రె తిత్తి ఒక్కటేనా అన్న సందేహం 1863 వరకు నిలిచింది. ఆ ఏడు హరాల్డ్ క్రాబ్బె అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఐస్‌లాండ్ వెళ్ళి, అక్కడి వైద్యుడు యోన్ ఫిన్సెన్‌తో కలిసి, మనిషి దేహం నుండి తీసిన తిత్తిని కుక్కకు తినిపించి చూశాడు. పురుగులు కనిపించాయి. క్రాబ్బె కోసి పరీక్షించిన నూరు కుక్కలలో 28 కుక్కలకు ఈ పురుగు ఉన్నది.

ఇప్పుడు ఏం చేయాలి? అప్పటికి నమ్మదగిన మందు లేదు. ఉన్నది ఒక్కటే: ప్రజలకు చదువు వచ్చు. ఆ పేదదేశంలో పద్దెనిమిదవ శతాబ్దం చివరికే జనంలో అధికభాగం చదవగలిగేవారు. శీతకాలపు రాత్రులలో ఇంటిల్లిపాదీ ఉన్ని పని చేసుకుంటుండగా ఒకరు పుస్తకం పైకి చదవడం అక్కడి ఆచారం. మన అరుగుల మీది పురాణకాలక్షేపం వంటిదే. 1864లో క్రాబ్బె వ్రాసిన చిన్నపుస్తకాన్ని ఐస్‌లాండ్ భాషలో అచ్చువేసి ఉచితంగా ఇంటింటికీ పంచారు. తిత్తులను కుక్కకు వేయవద్దు, నాశనం చేయండి, కుక్కల సంఖ్య తగ్గించండి, శుభ్రత పాటించండి: సారాంశం ఇంతే. 1869లోనూ, 1890లోనూ చట్టాలు వచ్చాయి. రెండవ చట్టం కుక్కలకు ఏటా పురుగులమందు వేయడాన్నీ, తిత్తులను కాల్చడమో పాతిపెట్టడమో చేయడాన్నీ విధించింది. 1924లో రాజధాని రేక్యవిక్ కుక్కల పెంపకాన్నే నిషేధించింది. 1984 దాకా ఆ నిషేధం సడలలేదు.

ఫలితం తరాలలో కనబడింది. ఇరవయ్యవ శతాబ్దంలో శవపరీక్షలు జరిపినప్పుడు, చట్టాలకు ముందు పుట్టిన వృద్ధులలో తిత్తులు తరచుగా కనిపించాయి. ఆ తరువాత పుట్టినవారిలో దాదాపు మాయమయ్యాయి. గొర్రెలను ప్రాణాలతో విదేశాలకు అమ్మడం వలన ముదురు గొర్రెలను ఇంట కోయడం తగ్గిందనీ, అది కూడా కారణమేననీ చెప్పినవారున్నారు. ఆ మాట కొట్టివేయదగినది కాదు. కాని కత్తి పట్టిన చేయి తిత్తిని కుక్కకు విసరక పాతిపెట్టడం నేర్చింది గదా, అది చదువు నేర్పిన పాఠమే.

ఐస్‌లాండ్ అనుభవాన్ని చూచి ఈ రోగంపై పోరాడిన మరొక గొర్రెల దేశం న్యూజిలాండ్. అక్కడి చిక్కు రోగనిర్ణయంలో ఉన్నది. పురుగున్న కుక్క హుషారుగానే ఉంటుంది. గుడ్లను సూక్ష్మదర్శినిలో చూసినా, ఇతర బద్దెపురుగుల గుడ్లతో పోల్చి తేడా చెప్పలేము. బ్రతికున్న కుక్కలో రోగం తేల్చడానికి వాడిన సాధనం మనకు చిరపరిచితం: పోక! తాంబూలంలోని వక్కలో ఉండే అరెకోలిన్ అనే పదార్థం కుక్కకు ఇస్తే విరేచనమై, పురుగులు ఊడి బయటపడతాయి. ఆ మలాన్ని పళ్ళెంలో కడిగి వెదకాలి. పచ్చి మాంసం తిన్న కుక్కలో వేరే జాతి బద్దెపురుగులు కనిపించినా చాలు, యజమాని నియమం తప్పాడని తెలిసిపోయేది.

1959కి ముందు ఈ మందును యజమానుల చేతికే ఇచ్చారు, రోగం తగ్గలేదు. 1959లో ప్రత్యేక చట్టం చేసి, జాతీయమండలిని స్థాపించి, అధికారుల కంటి ఎదుట కుక్కలకు మందు వేయసాగారు. అరెకోలిన్‌తో కుక్కలకు బాధ, బయటపడిన గుడ్లతో పనివారికి ప్రమాదం. 1970లలో ప్రాజిక్వాంటెల్ వచ్చాక ఆ బెడద తగ్గింది. పురుగు గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఆరు వారాలకు పైగా పడుతుంది. కనుక ఆరు వారాలకొకసారి మందు వేస్తే అది గుడ్డు పెట్టకముందే చస్తుంది. ఎంత సరళమైన లెక్క! 2002లో న్యూజిలాండ్ తాత్కాలికంగా రోగవిముక్త దేశమని ప్రకటించుకున్నది.

మన దేశంలో ఈ రోగం ఇంకా ఉన్నది. మన తెలుగునేల దీనికి కొత్త కాదని శస్త్రవైద్యులకు తెలుసు. వేటను కోసినచోట కుక్కలు గుమిగూడటం మనం నిత్యం చూసేదే. ప్రాజిక్వాంటెల్ మన పశువైద్యుల దగ్గర దొరుకుతుంది. వారిని అడిగి వాడవచ్చు. కాని ఆ మందుకు మళ్ళీ తిత్తి తిననీయకుండా ఆపే శక్తి లేదు. మన వీధికుక్కలకు యజమాని లేడు కనుక న్యూజిలాండ్ పద్ధతి ఇక్కడ యథాతథంగా కుదరదు. ఐస్‌లాండ్ పద్ధతి మాత్రం కుదురుతుంది: కాలేయంలో నీటితిత్తి కనబడితే కుక్కకు అందకుండా లోతుగా పాతిపెట్టవలెనని, కుక్కను తాకిన చేతులు కడుగుకొని భోజనానికి కూర్చోవలెనని, గొర్రెలకాపరికీ, మాంసం కోసేవారికీ, బడిపిల్లలకూ తెలియజెప్పడం. ఒక పుటలో ఇమిడే పాఠమిది. మన వాచకాలలో దీనికి చోటు దొరకాలని నా కోరిక.