అటుక కింది దండ

నెగడు కాడికి జర జరుగు బిడ్డా. ఆ ఫోను అవతల పెట్టు, అది ఎటూ పోదు. ఈ తుమ్మకట్టె పొగ ముక్కుకు తగిలితే చాలు, మా నాయనమ్మ వంటిల్లు కండ్లల్ల మెదులుతది. నిన్న ఫ్రిజ్జు చెడిపోయిందని మీ అమ్మ మూడు కిలోల మాంసం ముందటేసుకొని తండ్లాడుతుంటే చూసిన. అప్పుడే అనుకున్న, నీకు ఒట్టి తునకల, అంటే ఎండబెట్టిన మాంసం ముచ్చట చెప్పాలని.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టొద్దంటరు పెద్దలు. మేము పిల్లలప్పుడు పొద్దుగాల లేస్తే చేసే పనే అది. ఎందుకంటవా? పొయ్యి మీది వాసాలకే మాంసం దండలు ఏలాడుతుండె. నిన్న ఏడు దండలుండి ఇయ్యాల ఆరే ఉన్నయంటే, రాత్రి మేము పండుకున్నంక ఎవరో చుట్టం వచ్చిండన్నట్టు.

అప్పట్ల మాంసం దినాం దొరికేదా? దసరాకు, పెత్రమాసకు, బోనాలకు యాటను కోసేది. నాలుగైదు ఇండ్లోళ్లు కలిసి తెచ్చుకొని, మోదుగాకుల మీద పోగులు పెట్టుకునేది. ఒక పోగుల బొక్క ఎక్కువైందని ఒకరు, కండ తక్కువైందని ఇంకొకరు, కాసేపు గిచ్చులాడుకొని మళ్లా అందరు కలిసే నవ్వుకునేది. మంచి యాట ఇరవై, పాతిక రూపాయలకు వచ్చేది. అది గూడ ఏ రూపాయి అని అడగాలె మరి! మనకు నిజాం హాలీ సిక్కా ఒకటి, సర్కారు కల్దార్ ఒకటి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. 1957ల నయాపైసలు వచ్చె, 1959ల హాలీ సిక్కా చెల్లకుండనే పాయె. ఆ నడుమ అంగడికి పోతే ముసలోళ్లు వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంట నిలవడేది. సరే, రూపాయల ఎంబడి పోతే అక్కడ మాంసాన్ని కాకులెత్తుకపోతయి. అసలు ముచ్చటకు వద్దాం.

తునకలకు కొవ్వు లేని తొడకండ కావాలె. కొవ్వు ఉంటే నెలకే కమురు వాసన కొడ్తది. నాయనమ్మ కత్తిపీటను కాలితోని అదిమి పట్టి, ముక్క తెగిపోకుండ అటు నుంచొక కోత, ఇటు నుంచొక కోత పెట్టుకుంట పొయ్యేది. అరచెయ్యంత కండ చూస్తుండంగనే మూరెడు పట్టీ అయితుండె. దానికి పసుపు, దొడ్డుప్పు రుద్ది, కుండల ఒక రాత్రి ఉంచేది. సేరు మాంసానికి పిడికెడు ఉప్పు. పిడికెడంటే నీ పిడికెడు కాదు, నాయనమ్మ పిడికెడు.

ఉప్పంటే యాదికొచ్చింది. మన దిక్కు సముద్రం లేదు గద! రైలు రాకముందు లంబాడీలు ఎడ్ల మీద ఉప్పు బస్తాలేసుకొని ఊరూరు తిరిగి అమ్మేదట. అందుకే నాయనమ్మకు ఉప్పంటే భక్తి. నేల మీద పలుకు పడితే వంగి ఏరుకునేది.

తెల్లారి దబ్బనంతోని పురికోసకు గుచ్చితే అదే దండ. మూడు నాలుగు ఎండలు కొట్టేదాక కట్టె పట్టుకొని కాకుల కావలి మాది. నాలుగు సేర్ల మాంసం ఎండితే సేరున్నర గూడ తూగది. మిగిలినదంతా నీళ్లే. ఉప్పు ఆ నీళ్లను బయటికి గుంజుతది, గాలి వాటిని ఎగరగొడ్తది, పొగ ఈగను వాలనియ్యది. నీళ్లు లేని కాడ పురుగు బతుకది. ఇదే ఉపాయం, ఇంకేం లేదు.

దసరాకైతే ఎండ ఉంటది. ఆషాఢంల బోనాలకు ఎండెక్కడిది? ముసురు పట్టిందంటే వారం దాక సూర్యుడు కనపడడు. అందుకే మా నాయన ఒక పొగడబ్బా చేసిండు. ఖాళీ పల్లినూనె డబ్బా తెచ్చి, మీది మూత కోసి, వెదురు పుల్లలు అడ్డం గుచ్చిండు, పట్టీలు ఏలాడేసేందుకు. అడుగున మేకుతోని బొక్కలు కొట్టిండు. కొట్టంల రెండు మూరల కాలువ తవ్వి, మీద గూనపెంకలు కప్పిండు. ఆ కొసన నిప్పులు, ఈ కొసన డబ్బా. నిప్పుల మీద తుమ్మపేళ్లు, ఉనుక పోసి డబ్బా మీద తడి గోనెసంచి కప్పితే, పొగ కాలువల నడిచి నడిచి చల్లవడి డబ్బాలకు వచ్చేది. నాయనమ్మ డబ్బాల చెయ్యి పెట్టి ఇరవై లెక్కపెట్టేది. అంతసేపు ఓర్చుకోగలిగితే పొగ సరిగ్గ ఉన్నట్టు, ఓర్చుకోలేకపోతే నిప్పు తియ్యాల్సిందే.

ఒక ఏడు బోనాలప్పుడు నాయన ఊళ్లె లేడు. ఆ పని మా చిన్నాయన మీద పడ్డది. చిన్నాయనకు కొత్తగ పెండ్లయింది, కూసున్న కాడ కూసోడు. మూడు దినాలు పొగ కాడ ఎవడు కూసుంటడని కాలువ తీసేసి, డబ్బా కిందనే నిప్పు పెట్టిండు. పొద్దుగూకేసరికి పట్టీలు కట్టెల్లెక్క టకటకమన్నయి. "చూసినవా వదినా, మూడు దినాల పని ఒక్క పూటల!" అని మా అమ్మ ముందట మీసం దువ్విండు. ఉరికి పాలు తాగేకన్న నిలవడి నీళ్లు తాగుడు నయమని నాయనమ్మ అననే అన్నది గని, కొత్త పెండ్లికొడుకు చెవికి ఎక్కుతదా?

వారం దాటలే, వంటింట్ల వాసన. నాయనమ్మ ఒక పట్టీని విరిచి చూపించింది. మీద నల్లగ చెక్క కట్టింది, నడుమ ఎర్రగ, జిగురు జిగురు. మంట వేడికి పైతోలు బిగుసుకుంటే లోపలి నీళ్లకు బయటికొచ్చే తొవ్వేది? ఆ ఏటి మాంసమంతా గుంతల పూడ్చిండ్రు. చిన్నాయన ముఖం చూడలేకపోయినం.

ఇంతల చూడు విచిత్రం! ఆ రాత్రే, జోరు వానల, చిన్నాయన మామ దిగిండు. అల్లుని ఇంటికి మొదటిసారి వచ్చుడు. వానకు కోళ్లు గూడ ఏ మూలకు దూరినయో. అప్పుడు నాయనమ్మ పీట ఎక్కి, అటుక కింద మూలకున్న నల్లటి దండ ఒకటి దించింది. పోయిన దసరా నాటిది. ఆమెకొక నేమం ఉండె: కొత్త దండ చేతికొచ్చేదాక పాత దండ ఆఖరుది తెంపొద్దు. ఎవరు ఎంత ఏడ్చినా, పండుగొచ్చినా, అది దిగది. ఆ రాత్రి మాత్రం దిగింది.

తునకలను నిప్పుల మీద కాల్చి, రోట్లేసి దంచింది. ఉడుకునీళ్లల్ల నానబెట్టి కడిగి, చింతచిగురేసి వండింది. ఆ వాసనకు ఇంటి పిల్లలమంతా నిద్రల నుంచి లేచొచ్చినం. వియ్యంకుడు జొన్నరొట్టె తుంచుకుంట, "ఇంత రుచి మా ఇంట్ల గూడ తినలే. ఎవరు చేసిండ్రు తునకలు?" అన్నడు.

నాయనమ్మ పొయ్యి దిక్కు చూసుకుంటనే, "మీ అల్లుడే కాపలా కూసుండి పొగ పెట్టిండు" అన్నది.

చిన్నాయన తల ఎత్తలే. మరుసటేడు బోనాలకు మూడు దినాలు, మూడు రాత్రులు ఆ డబ్బా కాడ్నే కూసున్నడు, గంటకోసారి చెయ్యి పెట్టి ఇరవై లెక్కపెట్టుకుంట. దండలు తయారైనంక ఒకదాన్ని తానే పీట ఎక్కి అటుక కింద మూలకు కట్టిండు.

నిప్పు ఎగదోయకు బిడ్డా, అట్లనే ఉండనియ్యి.