పొరుగూరి పందెం

కొత్త ఊరు వెళితే గుడి చూడాలనీ, బజారులో నాలుగు గజాల గుడ్డ కొనుక్కోవాలనీ మన ఆడవాళ్ళకి ఉంటుంది. మగవాళ్ళ ధోరణే వేరు. మావారు ఏ ఊరు పెళ్ళికి వెళ్ళినా ముహూర్తం ఎన్ని గంటలకని అడగరు. ఆ పూట అక్కడ క్రికెట్ ఆట ఏదైనా ఉందా అని ముందు వాకబు చేస్తారు. తెలిసినవాళ్ళు ఆడుతున్నారా అంటే అదీ లేదు. ఎవరో ఆడాలి, చుట్టూ జనం ఉండాలి, ఆ జనంలో తానూ ఒకడై అరవాలి. అంతే!

ఇది ఈనాటి సరదా ఏమీ కాదు లెండి. దండి సంస్కృతంలో రాయగా 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసిన దశకుమార చరిత్రలో ప్రమతి అనే కుర్రవాడు శ్రావస్తికి పోతూ పోతూ దారిలో వర్తకుల ఊరొకటి తగిలితే, అక్కడ కోడిపందెం చూస్తూ నిలబడిపోతాడు. ఆ గుంపులో పరిచయమైన ముసలి బ్రాహ్మణుడే తర్వాత అతనికి రాజకుమార్తెతో పెళ్ళి కావడానికి తోడ్పడతాడు. పరాయి ఊళ్ళో పందెం చూసినందుకు పెళ్ళాం దొరికిందన్నమాట!

వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలోనూ ఇంతే. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే స్నేహితులిద్దరూ కాకతీయుల ఓరుగల్లు చూడబోయి రోజంతా వీధులు తిరుగుతారు. పొట్టేళ్ళ పోరు చూస్తారు, కోళ్ళ పోరు చూస్తారు. తిరుగుతూ తిరుగుతూ ఒకచోట ఒక స్త్రీ పాడుతుంటే ఆగి వింటారు. ఆమె పాడేది ఏ దేవుడి కథో కాదు, పల్నాటి వీరుల కథ.

నాకు ఈ ఘట్టం భలే ఇష్టం. ఎందుకంటారా? కోడిపందెం చూసి సరదాపడ్డ ఆ మనుషులే, ఒక కోడిపందెంతో ఊళ్ళకు ఊళ్ళు ఎలా చెల్లాచెదరయ్యాయో చెప్పే కథను అదే నగరంలో విన్నారు. విని ఏమనుకున్నారో గాని, మనం ఆ పాటని ఇంకొంచెం ఆగి వింటే బాగుంటుంది.

నరసరావుపేట, మాచర్ల, గురజాల పేర్లు విన్నవాళ్ళకి పల్నాడంటే పౌరుషాల గడ్డ అనే తెలుసు. కాని ఆ గడ్డ ఒక ఆడపిల్ల అరణంగా వచ్చిందన్న మాట చాలామందికి గుర్తుండదు. వెలనాటి ప్రభువు తన కూతురు మైలమాదేవిని హైహయ వంశపు అనుగురాజుకిచ్చి పెళ్ళి చేసి, పల్నాటిని అరణమిచ్చాడని కథ. మైలమాదేవి కొడుకు నలగామరాజు. మరో భార్య కొడుకులు మలిదేవాదులు. తండ్రి పోయాక అన్నదమ్ములకు పొసగలేదు. నలగామరాజు గురజాలలో ఉండిపోయాడు. మలిదేవుణ్ణి వెంటబెట్టుకుని మంత్రి బ్రహ్మనాయుడు మాచర్లలో వేరే రాజ్యం పెట్టాడు. గురజాలలో మంత్రాంగమంతా నాయకురాలు నాగమ్మది.

ఇదంతా 12వ శతాబ్దం చివరి భాగంలో, 1180కి అటూ ఇటూ జరిగిందని చరిత్రకారుల లెక్క. మాచర్లకీ గురజాలకీ మధ్య దూరం ఎంతనుకున్నారు? సుమారు 30 కిలోమీటర్లు. ఈనాడు బస్సెక్కితే ఒక కునుకు తీసేలోపు చేరిపోతాం. కాని రాజ్యాలు రెండయ్యేసరికి నిన్నటి పుట్టింటి ఊరు ఇవాళ పరదేశమైంది. ఇళ్ళు పంచుకున్న తోడికోడళ్ళని అడిగితే చెప్తారు, మధ్యగోడ లేచాక అవతలి వాకిలి ఎంత దూరమవుతుందో!

అలాంటి గురజాల నించి మాచర్లకి కబురొచ్చింది. కోడిపందేలు వేద్దాం రండి అని.

బ్రహ్మనాయుడంటే సామాన్యుడా? కులభేదాలు చూడకుండా అందర్నీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టి చాపకూడు పెట్టించినవాడు. మాల కులంలో పుట్టిన కన్నమదాసుని కొడుకుగా చూసుకుని సేనానిని చేసినవాడు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత పుట్టినా గొప్ప సంస్కర్త అనిపించుకునేవాడు. అంతటి ఆలోచనాపరుడు కూడా పుంజుని చంకన పెట్టుకుని పగవాడి ఊరికి బయలుదేరాడు. రానంటే పిరికివాడంటారు. పిలిచినవాళ్ళకి కావలసిందీ అదే.

ఆయన పుంజు పేరు చిట్టిమల్లు. నాగమ్మ పుంజు శివంగి డేగ. మొదట చిట్టిమల్లుదే పైచేయి అయింది. గెలుపు రుచి తగిలాక మనిషి లేచి ఇంటికి రాగలడా? బరి చుట్టూ ఉన్నది పరాయి జనం. చప్పట్లూ ఎకసెక్కాలూ వాళ్ళవే. పందెం పెంచారు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచి వలస పోవాలి. ఈసారి చిట్టిమల్లు నేలకొరిగింది. మాచర్ల రాజ్యం కోడికాలి కింద నలిగిపోయింది.

నాగమ్మ మాయ చేసి గెలిచిందని అందరూ అంటారు. ఆ మాయ ఏమిటంటే మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. నా మట్టుకు నాకు ఇక్కడో సందేహం. కథ కట్టినవాళ్ళంతా మాచర్ల వైపువాళ్ళే. శ్రీనాథుడు ద్విపదలో రాశాడని చెప్పే పల్నాటి వీరచరిత్ర అయినా, కారెంపూడిలో వీరవిద్యావంతులు పాడే కథ అయినా బ్రహ్మనాయుణ్ణి విష్ణ్వంశగా కొలిచేదే. గురజాల వైపు నించి ఎవరైనా పాడి ఉంటే మనం మరో కథ వినేవాళ్ళమేమో! ఎత్తుకి పై ఎత్తు వేసిన మగమంత్రిని చాణక్యుడంటారు, యుగంధరుడంటారు. అదే పని ఆడది చేస్తే మాయలాడి. 1947లో వచ్చిన సినిమాలో కన్నాంబ, 1966లో వచ్చిన దాంట్లో భానుమతి నాగమ్మగా కనిపిస్తే, తిట్టుకుంటూనే కళ్ళార్పకుండా చూశాం కాదూ? ఆడదాని చేతిలో అంత అధికారం చూడడం మనకి అపురూపం మరి.

నాగమ్మ మోసం చేసిందే అనుకుందాం. అయినా నాకు అంతుబట్టనిది వేరే ఉంది. మోసం లేకుండా ఓడి ఉంటే మాత్రం ఆ పందెం న్యాయమైనదవుతుందా? రెండు పక్షుల కాళ్ళకి ఇన్ని వేలమంది బతుకులు కట్టే హక్కు ఎవరిచ్చారు?

పల్నాటి కథని ఆంధ్ర భారతమంటారు. జూదం, అరణ్యవాసం, రాయబారం, యుద్ధం, అన్నీ ఉన్నాయి కాబట్టి పోలిక కుదిరింది. కాని ఒక్క చోట కుదరలేదు. అక్కడ ద్రౌపది సభలోకి వచ్చి, తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా అని నిలదీసింది. ఇక్కడ గురజాల బరి దగ్గర ఆ ప్రశ్న వేయడానికి మాచర్ల ఆడవాళ్ళెవరూ లేరు. వాళ్ళు ఇళ్ళ దగ్గర ఉన్నారు. పందెం సంగతి ఓడిపోయాకే తెలిసి ఉంటుంది, మూటలు కట్టుకోమన్నప్పుడు.

ఏడేళ్ళంటే మాటలా? పాడికుండలూ, విసుర్రాళ్ళూ, ఊరగాయ జాడీలూ ఏవి మోసుకెళ్ళాలి, ఏవి వదిలెయ్యాలి? నెలలు నిండిన పిల్ల దారిలో ప్రసవిస్తే ఎలా? మంచాన పడ్డ అత్తగారిని ఎవరు ఎత్తుకుంటారు? విత్తిన చేను ఎవరు కోసుకుంటారు? ఇవేవీ కథలో లేవు. కథలో చిట్టిమల్లు పేరుంది, శివంగి డేగ పేరుంది. మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిన ఆడవాళ్ళ పేర్లు లేవు. నేను కథలు రాసి బతికేదాన్ని కాబట్టి, లేని పేర్ల దగ్గరే నా మనసు ఆగిపోతుంది.

వలసపోయిన మండాది దగ్గర కూడా వాళ్ళని నిలవనివ్వలేదు. గురజాల వైపు నించి పశువుల మందల మీద దాడి జరిగింది. ఏడేళ్ళు గడిచాక మా రాజ్యం మాకిమ్మని అడగడానికి అలరాజుని రాయబారం పంపారు. అతను ఎవరో కాదు, నలగామరాజుకి సొంత అల్లుడు. విషం పెట్టి చంపారు. నలగామరాజు కూతురు పేరిందేవి భర్తతో సహగమనం చేసింది. కోడి తొడిగిన కత్తి ఆఖరికి కన్నకూతురి దాకా వచ్చింది చూశారా! ఆపైన కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం.

ఇందులో మరో ఆట కూడా ఉంది. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుణ్ణి యుద్ధం సంగతి తెలియకుండా ఇంట్లో అట్టేపెట్టారు. ఆ కుర్రాడు వీధిలో బొంగరాలాడుతుంటే ఒక బొంగరం పోయి దారిన పోయే ఆమెకి తగిలింది. పెద్దవాళ్ళంతా రణానికి పోతే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అని ఆవిడ ఎత్తిపొడిచింది. పౌరుషం పుట్టింది. అన్నాళ్ళూ గడప తొక్కని భార్య మాంచాల దగ్గరికి సెలవు తీసుకోవడానికి వెళ్ళాడు. ఆమె కత్తి ఇచ్చి పంపింది. తిరిగి రాలేదు. పందెంతో మొదలైన నష్టం బొంగరంతో పూర్తయింది. మాంచాలని వీరపత్ని అని మెచ్చుకుంటాం. ఒక్క పూట సంసారానికి ఒక జన్మ వైధవ్యం అన్న లెక్క మాత్రం వేయం.

కోళ్ళు పోట్లాడితే రాజ్యాలు పోవడమేమిటని నవ్వేవాళ్ళుంటారు. ఇలాంటివి మన దగ్గరే జరిగాయనుకోకండి. క్రీ.శ. 59లో ఇటలీలోని పాంపే నగరంలో మల్లుల కత్తిపోట్ల ఆటలు పెడితే పక్క ఊరు నుకేరియా నించి జనం చూడవచ్చారు. మొదట మాటలు విసురుకున్నారు, తర్వాత రాళ్ళు, ఆ తర్వాత కత్తులు. వచ్చినవాళ్ళలో ఎందరో చచ్చారు, ఎందరో కాళ్ళూ చేతులూ పోగొట్టుకుని ఇళ్ళకి చేరారు. రోము ప్రభుత్వం పాంపేలో పదేళ్ళు ఆ ఆటలే కూడదని శాసించింది. 1969లో హోండురస్, ఎల్ సాల్వడార్ అనే రెండు చిన్న దేశాలు ఫుట్‌బాల్ పోటీల్లో ఒకరి ఊరికొకరు వెళ్ళి ఆడి, జట్లనీ జనాన్నీ అల్లరిపెట్టుకుని, నెల తిరిగేసరికి నాలుగు రోజులు నిజం యుద్ధమే చేసుకున్నాయి. అసలు తగవు బంతిది కాదు, భూములదీ వలస కూలీలదీ. పల్నాట్లోనూ తగవు కోడిది కాదు, పంపకాలది. కాని లోపల కుళ్ళుతున్న కోపానికి ఒక బరి, చుట్టూ జనం దొరికితే చాలు. ఇంట్లో కూర్చుని చెయ్యలేని పని గుంపులో నిలబడి ఇట్టే చేసేస్తాం.

కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. నరసరావుపేటలో ఉండే మా పెద్దాడపడుచు పట్టుబడితే ఒక ఏడు కోడిపోరు నాడు వెళ్ళాను. వీరుల గుడి దగ్గర ఇసకేస్తే రాలని జనం. ఆ వీరుల ఆయుధాలని మొక్కుతూ ఊగిపోయేవాళ్ళూ, పంబ మోతా, దుమ్మూ. చిట్టిమల్లు, శివంగి డేగల పేర పుంజుల్ని దించారు. ఫలితం ఎనిమిది వందల ఏళ్ళుగా అందరికీ తెలిసిందే. అయినా నా పక్కనున్న ముసలమ్మ మునివేళ్ళ మీద లేచి మరీ చూస్తోంది.

"ఏం పెద్దమ్మా, ఎవరు గెలుస్తారో తెలుసుగా, ఇంకా ఏం చూస్తున్నావు?" అన్నాను.

"గెలిచేదాన్ని చూట్టానికి కాదమ్మా," అంది. "ఓడినాక మా తాతలు ఎట్టా పోయారో గుర్తుంచుకోవాలని తీసుకొస్తారు మమ్మల్ని. మా అమ్మ తెచ్చింది, నేను మనవరాల్ని తెచ్చా."

ఆమె చంక పక్కన ఏడెనిమిదేళ్ళ పిల్ల పీచుమిఠాయి తింటూ నిలబడి ఉంది.

అమెరికా నించి వచ్చి వీరవిద్యావంతుల పాట రాసుకున్న జీన్ రోఘైర్ పల్నాటి వీరుల కథ మీద 1982లో పెద్ద పుస్తకమే వేశాడు. చదవదగ్గదే. కాని ఆ ముసలమ్మ ఒక్క మాటలో చెప్పింది నాకు మరెక్కడా దొరకలేదు. అక్కడ జరిగేది పందెం కాదు, పందేనికి పెట్టే ఆబ్దికం.

కోళ్ళకి కత్తులు కట్టి పందేలాడడం చట్టం ఒప్పుకోని పని. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఉంది, 1974 నాటి జూదాల చట్టం ఉంది. అయినా సంక్రాంతి వస్తే గోదావరి జిల్లాల బరులు నిండుతూనే ఉన్నాయి, పైపందాలు లక్షల్లో నడుస్తూనే ఉన్నాయి. ఊరు కాని ఊరి నించి కార్లేసుకుని సరదాగా చూడబోయేవాళ్ళకి లోటు లేదు. సరదాగా చూడబోయినవాళ్ళు ఖాళీ జేబుతో తిరిగి వస్తే, ఆ రాత్రి బీరువా తాళం చెవి అడిగేది ఎవరిని?

నేను ఆటలకి వెళ్ళొద్దనను. పరాయి ఊరి జనం మధ్య కూర్చుని ఎవరి గెలుపుకో ఈల వేసి రావడంలో హాయి ఉంది. మంచనశర్మ చూశాడు, ప్రమతి చూశాడు, నిక్షేపంగా ఇళ్ళకి వెళ్ళారు. వాళ్ళు పందెం కాయలేదు, అంతే తేడా. మీ ఇంటాయన ఆటకి బయలుదేరితే అన్నం మూట కట్టి సంతోషంగా పంపండి. కాని జేబులో ఏం పెట్టుకుని వెళ్తున్నాడో గడప దాటకముందే ఒకసారి అడగండి. మాచర్లలో ఆ రోజు ఎవరూ అడగలేదు.