మూసారాంబాగ్ దొర తుపాకులు

మన ఉప్పల్ నుంచి రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా మలక్‌పేట వైపు వెళ్తే మూసారాంబాగ్ తగులుతుంది. ఆ పేరు ఒక ఫ్రెంచ్ దొరది. మొస్యూ రేమండ్. మొస్యూ అంటే ఫ్రెంచ్‌లో 'గారు' అన్నమాట. జనం నోట్లో పడి ఆయన హిందువులకు మూసా రామ్, ముస్లింలకు మూసా రహీమ్ అయ్యాడు. నిజాం అలీ ఖాన్ దగ్గర సైన్యాధికారి. గన్‌ఫౌండ్రీ అని వింటుంటాం కదా, అది ఆయన ఫిరంగులు పోయించిన చోటే. తోప్ కా సాంచా.

ఆ కాలం సిపాయి చేతిలో ఉన్నది మస్కెట్. ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి ఉక్కు రేకును గీరుతుంది. నిప్పురవ్వలు పక్కనున్న చిన్న గిన్నెలో మందు మీద పడతాయి. ఆ మంట సన్న రంధ్రంలోంచి గొట్టంలోకి పోయి అసలు మందును అంటిస్తుంది. గ్యాస్ ఒత్తిడికి సీసపు గుండు బయటికి దూసుకొస్తుంది. వానపడి మందు తడిసిందా, మొత్తం ఫెయిల్. పైగా గొట్టం లోపల నున్నగా ఉంటుంది, గుండును తిప్పే గాడులు ఉండవు. దూరం పెరిగితే గుండు ఎటు పోతుందో గ్యారంటీ లేదు. అందుకే వరసలు కట్టి అందరూ ఒకేసారి కాల్చాలి. అంటే తుపాకి ఒక్కటే ఉంటే చాలదు. డ్రిల్లు కావాలి, డ్రిల్లు చేసేవాడికి నెలనెలా జీతం కావాలి.

సరిగ్గా అక్కడే దెబ్బపడింది. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబర్‌లో నిజాం ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు: ఫ్రెంచ్ అధికారుల్ని పంపేయాలి, కంపెనీ పటాలాన్ని తన ఖర్చుతో పోషించాలి. అక్టోబర్‌లో రేమండ్ సిపాయిలు, పదివేలకు పైనే, జీతం బకాయిల కోసం సొంత అధికారుల మీదే తిరగబడ్డారు. రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ చుట్టూ బలగాల్ని మోహరించి, బకాయిలు ఇప్పిస్తామన్నాడు. అంతే, తుపాకులు కింద పెట్టేశారు. యుద్ధమే జరగలేదు! నా లెక్కలో నిజాం స్వతంత్రం పోయింది ఆ రోజే.

ఇక రూల్స్. 1878 ఆయుధాల చట్టం బ్రిటిష్ ఇండియాలో భారతీయుడికి లైసెన్స్ ఉండాలంది, యూరోపియన్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఇప్పుడున్నది 1959 చట్టం, అందరికీ ఒకటే. 2019 సవరణతో మామూలుగా ఒకరికి రెండు తుపాకులే. బరాత్‌లో గాల్లోకి కాల్చి పక్కవాడి ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ ఉన్నా సరే.

రేమండ్ సమాధి సరూర్‌నగర్ వైపు గుట్ట మీద ఉంది. నల్లరాతి స్తంభం, దాని మీద జేఆర్ అనే రెండక్షరాలు. నాచారం నుంచి బైక్ మీద పొద్దున్నే బయల్దేరండి, ఎండ ఎక్కితే గుట్ట మీద నిలబడలేం.